రాయని ఆరాధనాక్రమం, అందులోంచి పుట్టిన నవ్వు

బైబిలును పరమ ప్రమాణంగా, క్రీస్తు సిలువ మరణాన్ని రక్షణకు మూలంగా స్వీకరించి, ప్రతి మనిషీ వ్యక్తిగతంగా మారుమనస్సు పొందాలనీ, పొందినవాడు ఆ శుభవార్తను ఇతరులకు చాటాలనీ పట్టుబట్టే ప్రొటెస్టెంటు క్రైస్తవ ధోరణిని సువార్తిక ధోరణి అంటారు. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ బెబ్బింగ్టన్ 1989లో వెలువరించిన గ్రంథంలో ఈ నాలుగింటినే దాని లక్షణాలుగా నిర్ధారించాడు. బాప్టిస్టులు, పెంతెకోస్తువారు, ఏ శాఖకూ చెందని స్వతంత్ర సంఘాలవారు ఎందరో ఈ ధోరణికి చెందినవారే. బయటి ప్రపంచానికి వీరు గంభీరులుగా, ఒక్కోసారి కఠినులుగా కూడా కనిపిస్తారు గాని, అమెరికా, బ్రిటన్ దేశాల్లో వీరి మధ్యనే తమ అలవాట్లను చూసి తామే నవ్వుకునే ఒక హాస్య సంప్రదాయం అర్ధశతాబ్దికి పైగా వర్ధిల్లుతూ వస్తోంది. ఆదివారం ఉదయం ఆరాధనకు వచ్చి, చర్చి బల్లల మీదే కూర్చునేవారు సృష్టించిన హాస్యం కనుక దానిలో చనువు ఎక్కువ, విషం తక్కువ.

ఈ నవ్వుకు మూలం సువార్తిక సంఘాలు ఏర్పడిన తీరులోనే ఉంది. రోమన్ కతోలిక సంఘానికి నిర్ణీతమైన పూజావిధానం ఉంది. ఇంగ్లండు సంఘానికి 1549 నుంచి ముద్రిత ప్రార్థనా గ్రంథం ఉంది. ఏ రోజున ఏ ప్రార్థన చదవాలో, ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు మోకరించాలో అందులోనే రాసి ఉంటుంది. పుస్తకం చూసి చదివే ప్రార్థన పెదవుల దగ్గరే ఆగిపోతుందనీ, హృదయం నుంచి అప్పటికప్పుడు పొంగే మాటే దేవునికి ప్రీతికరమనీ నమ్మిన సువార్తికులు ఎందరో ఆ ఏర్పాట్లను విడిచిపెట్టారు. అయితే పదిమంది కలిసి వారం వారం చేసే ఏ పనికైనా ఒక వరస తనంతట తానే ఏర్పడుతుంది. పుస్తకం పోయిన చోట అలవాటు వచ్చి కూర్చుంటుంది. అలా ఏర్పడిన అలిఖిత క్రమాన్ని క్రమమని గుర్తించకుండానే అందరూ తు.చ. తప్పకుండా పాటించడంలో ఉన్న వింతే ఈ హాస్యానికి ముడిసరుకు.

ప్రార్థననే తీసుకుంటే, ఆశువుగా చేసే అమెరికన్ సువార్తిక ప్రార్థనలో 'కేవలం', 'ఊరికే' అనే అర్థాలున్న 'జస్ట్' అన్న మాట దాదాపు ప్రతి వాక్యంలోనూ వినిపిస్తుంది. దేవుణ్ణి పెద్దగా ఏమీ అడగడం లేదనే వినయం అందులో ఉంది. దేవుని పేరు కూడా వాక్యానికి రెండు మూడు సార్లు సంబోధనగా వస్తుంది. మనుషులతో మాట్లాడేటప్పుడు ఎవరూ ఎదుటివారిని అన్నిసార్లు పేరుపెట్టి పిలవరు. ప్రయాణమయ్యేవారికి 'ప్రయాణ కృప' కోరతారు, ఆపదలో ఉన్నవారి చుట్టూ 'కంచె' వేయమని వేడుకుంటారు. ఈ కంచె యోబు గ్రంథం మొదటి అధ్యాయం నుంచి వచ్చింది. అంతటి సర్వశక్తిమంతుణ్ణి గోడ అడగకుండా కంచెతో సరిపెట్టుకోవడమేమిటని అమెరికన్ క్రైస్తవ హాస్యనటుడు టిమ్ హాకిన్స్ వేదిక మీద ఆశ్చర్యపోతే, ఆ మాటనే పొద్దున ప్రార్థనలో వాడివచ్చిన ప్రేక్షకులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఈ పునరుక్తులు తప్పులని అనడానికి వీల్లేదు. పాండిత్యం లేని సామాన్యుడు తన సొంత మాటలతో దేవునితో మాట్లాడబోయినప్పుడు పట్టుకుని నిలబడే ఆసరాలవి, అందుకే వాటిని చూసి నవ్వేవారికి వాటి మీద ప్రేమ కూడా ఉంటుంది.

ప్రార్థన అంశాలు చెప్పుకునే సమయం మరింత సున్నితమైనది. ఒకరి కష్టం కోసం అందరూ ప్రార్థించాలనే సదుద్దేశంతో మొదలైన మాట, ఆ కష్టం ఎవరి వల్ల, ఎప్పుడు, ఎలా వచ్చిందనే వివరాల్లోకి జారి, ప్రార్థన మొదలయ్యేసరికి ఊరి కబుర్లన్నీ పూర్తయిపోవడం సువార్తిక హాస్య రచయితలు ఎందరో ముట్టుకున్న విషయం.

ప్రసంగం ముగిశాక, క్రీస్తును అంగీకరించదలచినవారు ముందుకు రావాలని బోధకుడు ఆహ్వానించడం మరో ఆచారం. 19వ శతాబ్దపు తొలి భాగంలో అమెరికన్ ఉజ్జీవ బోధకుడు చార్లెస్ ఫిన్నీ, తమ ఆత్మల స్థితిని గురించి కలత చెందినవారు వచ్చి కూర్చోవడానికి సభ ముందు ప్రత్యేకంగా ఒక బల్ల వేయించి ఈ పద్ధతికి ప్రచారం తెచ్చాడు. 20వ శతాబ్దంలో అమెరికన్ సువార్త ప్రచారకుడు బిల్లీ గ్రాహం మైదాన సభల్లో ఆహ్వాన సమయానికి పాడే పాటగా ఆంగ్ల కవయిత్రి షార్లెట్ ఎలియట్ రాసిన 'జస్ట్ యాజ్ ఐ యామ్' స్థిరపడిపోయింది. 1997లో వెలువడిన తన ఆత్మకథకు గ్రాహం ఆ పాట పేరే పెట్టుకున్నాడు. వేలాది జనం ఉన్న మైదానంలో గంభీరంగా సాగే ఈ ఘట్టం, అందరూ ఎన్నడో రక్షణ పొందిన నలభైమంది సంఘంలోకి వచ్చేసరికి వేరే రూపం తీసుకుంటుంది. ముందుకు రావలసినవారు ఎవరూ మిగలకపోయినా, చివరి చరణం మరొక్కసారి పాడదామని బోధకుడు అంటూనే ఉంటాడు; ఇళ్లలో పొయ్యి మీద మాంసం మాడిపోతుందని గృహిణులు లోలోపల కలవరపడుతూనే పాడతారు.

బాప్టిస్టుల హాస్యంలో ప్రసిద్ధమైన కథ ఒకటుంది. ఓడ మునిగి నిర్జన ద్వీపంలో ఏళ్ల తరబడి ఒంటరిగా బతికిన ఒక బాప్టిస్టును రక్షించడానికి వచ్చినవారు అక్కడ మూడు పాకలు చూసి అవేమిటని అడిగితే, మొదటిది తన ఇల్లని, రెండోది తాను వెళ్లే చర్చి అని చెబుతాడు. మూడో దాని సంగతేమిటంటే, అది తాను పూర్వం వెళ్లి మానేసిన చర్చి అంటాడు. ఈ కథను యూదులు మొదలుకొని ఇతర మతస్థులూ తమ మీద తాము చెప్పుకుంటారు గాని బాప్టిస్టులకు అది ఎక్కువగా అతుకుతుంది. ఎందుకంటే ప్రతి స్థానిక సంఘమూ స్వయంప్రతిపత్తి గలదని, దాని మీద పైనుంచి అధికారం చెలాయించే బిషప్పు ఉండకూడదని వారి మూల సిద్ధాంతం. ఆ స్వేచ్ఛ విలువైనదే. కాని అదే స్వేచ్ఛ నేల మీద పరిచే తివాచీ రంగు దగ్గర కూడా సంఘం రెండుగా చీలడానికి తలుపు తెరిచి ఉంచుతుంది.

సంగీతం దగ్గర తగవు ఇంకా పెద్దది. 1960ల చివర కాలిఫోర్నియాలో హిప్పీ యువకులు పెద్ద సంఖ్యలో క్రైస్తవంలోకి వచ్చినప్పుడు గిటార్లనూ తమతో తెచ్చారు. కోస్టా మేసా పట్టణంలోని కాల్వరీ చాపెల్ సంఘం 1971లో మారనాథా మ్యూజిక్ అనే సంస్థను స్థాపించి వారి పాటలను దేశమంతటికీ అందించింది. ఆర్గనుతో పాత కీర్తనలు పాడేవారికీ, డ్రమ్ములతో చిన్న పల్లవులు పాడేవారికీ మధ్య దశాబ్దాలపాటు నడిచిన కలహానికి 'ఆరాధనా యుద్ధాలు' అనే పేరు స్థిరపడింది. కొత్త పాటల్లో ఏడు మాటలను పదకొండుసార్లు పాడతారని పాతవారు చేసిన పరిహాసం నేటికీ వాడుకలో ఉంది. ఆ పాటలతోపాటే చేతులెత్తి ఆరాధించే అలవాటు పెంతెకోస్తు సంఘాలు దాటి అంతటా పాకింది. ఎవరి చేతులు ఎంత ఎత్తులో ఉన్నాయో గమనించిన హాకిన్స్ ఒక్కొక్క భంగిమకు ఒక్కొక్క పేరు పెట్టి, ఒకరు టీవీ మోస్తున్నట్టు, ఇంకొకరు తాము పట్టిన చేప పొడవు చూపిస్తున్నట్టు ఉంటారని అభినయించి చూపాడు.

ఇటువంటి పరిశీలనలు తొలినాళ్లలో ఒకచోట చేరింది 1971లో మొదలైన 'ది విటెన్‌బర్గ్ డోర్' అనే అమెరికన్ పత్రికలో. 1517లో మార్టిన్ లూథర్ తన 95 వాదాంశాలను అంటించాడని చెప్పే చర్చి తలుపును ఆ పేరు స్ఫురింపజేస్తుంది. యువజన పరిచర్యలో పనిచేసిన మైక్ యాకొనెల్లి దానికి ఏళ్ల తరబడి సంపాదకుడిగా ఉన్నాడు. బ్రిటన్‌లో 1987లో ఏడ్రియన్ ప్లాస్ రాసిన కల్పిత దినచర్య ఈ వాఙ్మయంలో మకుటాయమానమైనది. అందులోని కథానాయకుడు, విశ్వాసం ఉంటే కొండలనైనా కదిలించవచ్చన్న బోధ విని, ముందుగా చిన్నదానితో సాధన చేద్దామని ఒక పేపరు క్లిప్పును ఎదురుగా పెట్టుకుని కదలమని ఆజ్ఞాపిస్తాడు. అది కదలదు, పైగా ఆ ప్రయత్నం ఇంట్లోవారి చెవిన పడనే పడుతుంది. ఈ ఘట్టంలో ప్లాస్ బోధను వెక్కిరించలేదు, నమ్మినవాణ్ణీ వెక్కిరించలేదు. విన్నదాన్ని అక్షరాలా నమ్మాలనే తపన, అది నెరవేరనప్పుడు కలిగే బిడియం, ఆ రెంటినీ ఎవరికీ చెప్పుకోలేని ఒంటరితనం అందులో ఒక్కసారిగా కనిపిస్తాయి. అటువంటి బిడియం అనుభవించిన వేలాది మంది విశ్వాసులకు, తాము ఒక్కరమే అసమర్థులం కామన్న ఊరట ఆ పుస్తకం ఇచ్చింది. ఏ ప్రసంగమైనా అంతకంటే గొప్ప మేలు చేయడం అరుదు.

అమెరికాలో జాన్ ఏకఫ్ 2010లో ప్రచురించిన 'స్టఫ్ క్రిస్టియన్స్ లైక్' అదే బాట పట్టింది. సరదాగా సాగుతున్న ముచ్చటను ఎవరో ఒకరు హఠాత్తుగా భక్తి వైపు మళ్లించి మిగతావారికి సిగ్గు కలిగించే అలవాటుకు ఒక పేరు పెట్టినవాడు ఆయనే. 2016లో ఆడమ్ ఫోర్డ్ ప్రారంభించిన 'ది బాబిలోన్ బీ' కూడా తొలినాళ్లలో ఆరాధనా బృందాల మీద, పాస్టర్ల అలవాట్ల మీద అల్లిన కల్పిత వార్తలతోనే పేరు పొందింది. 2018లో యాజమాన్యం మారిన తరువాత దాని చూపు ఎక్కువగా రాజకీయ ప్రత్యర్థుల మీదికి మళ్లింది. అక్కడే ఈ సంప్రదాయం తన మర్యాదను కొంత కోల్పోయింది, ఎందుకంటే తనను చూసుకుని నవ్వేవాడికి ఉండే మెత్తదనం ఎదుటివాణ్ణి చూసి నవ్వేవాడికి ఉండదు.

భక్తికీ నవ్వుకూ పొసగదన్న అనుమానానికి ఈ సంప్రదాయంలోనే సమాధానం ఉంది. అమెరికన్ క్వేకరు తత్త్వవేత్త ఎల్టన్ ట్రూబ్లడ్ 1964లో 'ది హ్యూమర్ ఆఫ్ క్రైస్ట్' అనే గ్రంథం రాయడానికి ప్రేరణ ఆయన నాలుగేళ్ల కుమారుడు. ఇంట్లో మత్తయి సువార్త ఏడో అధ్యాయం చదువుతుండగా, తన కంట్లో దూలం పెట్టుకుని ఎదుటివాడి కంట్లో నలుసు వెతికే మనిషి బొమ్మ మనసులో మెదిలి ఆ పిల్లవాడు పకపకా నవ్వాడు; దోమను వడగట్టి ఒంటెను మింగేవారిని గురించి చెప్పిన క్రీస్తు వినేవారిని నవ్వించాలనుకోలేదని ఎలా అనగలమని తండ్రికి అప్పుడు తోచింది. బ్రిటిష్ రచయిత సి.ఎస్. లూయిస్ 1942 నాటి 'ది స్క్రూటేప్ లెటర్స్'లో నవ్వును నాలుగు రకాలుగా విభజించి, దేన్నీ లెక్కచేయని చులకనతనపు నవ్వే ఆత్మకు అన్నిటికంటే చేటని తేల్చాడు. పై రచయితల్లో ఉత్తములు ఆ గీత దాటలేదు. అధికార దుర్వినియోగం, ధన మోసం, బలహీనుల మీద దౌర్జన్యం వంటివి వింత అలవాట్ల పట్టికలో చేరవు, వాటిని నవ్వుతో కప్పడమే పాపం.

తెలుగునాడుకు ఈ చరిత్రతో రక్తసంబంధం ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. జాన్ క్లౌ నాయకత్వంలో ఒంగోలు మిషను 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. బోధకుడు భక్త్ సింగ్ 1950లో హైదరాబాదులో స్థాపించిన హెబ్రోను సంఘ సంప్రదాయంలో ఆరాధన తరువాత అందరూ కలిసి భోంచేసే ప్రేమ విందు ముఖ్యాచారం. ఇక్కడి సంఘాలకూ తమవైన రాయని క్రమాలున్నాయి. రోజంతా గోదావరి యాసలోనో పాలమూరు యాసలోనో మాట్లాడే మనిషి కళ్లు మూసుకోగానే పాత బైబిలు అనువాదం నుంచి వచ్చిన గ్రాంథికంలోకి మారి 'వేడుకొనుచున్నాము తండ్రీ' అంటాడు. చివరిగా ఒక్క మాట అన్న బోధకుడు ఇంకో అరగంట ఆగడు. కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో వాగ్దాన వచనం కార్డు తీసుకున్నవారు పక్కవారికి ఏం వచ్చిందో తొంగి చూడకుండా ఉండలేరు. ఇవన్నీ ఒక ప్లాస్ కోసం ఎదురుచూస్తున్న విషయాలు. తెలుగు క్రైస్తవ పత్రికలు తమ సంచికల్లో ఇటువంటి రచనకు ఒక పుట కేటాయించాలి; సంఘంలో పుట్టి పెరిగిన యువ రచయితలు, తాము ప్రేమించేవాటిని గురించే, ప్రేమ తగ్గకుండానే నవ్వుతూ రాయడానికి పూనుకోవాలి.