విద్యకు ప్రతిగా విరాళం: దానమా, దక్షిణయా?

ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, సంగీత విద్వాంసులు, లెక్కలు బాగా తెలిసిన ఇంజనీర్లు కొందరు ఈ మధ్య ఒక మంచి పద్ధతి పాటిస్తున్నారు. "మీ అబ్బాయికి ప్రత్యేకంగా పాఠం చెబుతాను. నాకు రుసుము వద్దు. ఆ సొమ్మును స్వామివారి అన్నదానానికి సమర్పించండి" అంటున్నారు. నేను కూడా ఇంటివద్ద సంస్కృతం చెబుతూ ఈ దారినే నడుస్తున్నందువల్ల భక్తులు నన్ను తరచు రెండు సందేహాలు అడుగుతూ ఉంటారు. ఇది విద్యను అమ్ముకోవడం కాదా? సొమ్ము చెల్లించినవారికి అన్నదాన ఫలం దక్కుతుందా?

మొదటి సందేహానికి మూలం మనుస్మృతిలో ఉంది. మూడవ అధ్యాయంలో శ్రాద్ధానికి పిలువరాని వారిని చెబుతూ భృతకాధ్యాపకుని, అంటే వేతనం పుచ్చుకొని వేదం చెప్పేవానిని కూడా చేర్చారు. వేతనమిచ్చి చదువుకొన్నవానిని సైతం విడిచిపెట్టలేదు. పాఠశాలల్లో నెలజీతానికి పాఠం చెప్పిన మాబోటి వాళ్లకు ఈ మాట కొంత గుచ్చుకొంటుంది. అయితే వ్యాఖ్యాతలు ఇక్కడ తప్పుపట్టింది ముందుగా కుదుర్చుకొనే బేరాన్ని: "ఇంత ఇస్తేనే చెబుతాను" అనడాన్ని. బృహదారణ్యకంలో జనకుడు వేయి గోవులను ఇస్తానన్నప్పుడు, పూర్తిగా బోధించకుండా పుచ్చుకోరాదని తన తండ్రి అభిప్రాయమని యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. పుచ్చుకోకూడదని అనలేదు. ముందు బోధ, పిదప స్వీకారం అన్నాడు.

మనువు చెప్పిన క్రమమూ అదే. చదువు ముగియక ముందు గురువుకు ఏమీ ఇవ్వనక్కరలేదు. స్నాతకుడు కాబోయే వేళ గురువు ఆజ్ఞ మేరకు, తన శక్తి కొలది దక్షిణ తేవాలి. అది ఏదైనా కావచ్చు: పొలం, బంగారం, ఆవు, గుర్రం, గొడుగు, చెప్పులు, ఆసనం, ధాన్యం, కూరలు, వస్త్రాలు. పొలంతో మొదలై కూరల దాకా దిగివచ్చిన ఈ పట్టిక నాకు ఎంతో ఇష్టం. శక్తి కొలది అన్న మాటకు ఇంతకన్న వివరణ అక్కరలేదు. గురువు ఆజ్ఞ మేరకు అని కూడా ఉన్నది గనుక, "నాకు రావలసినదాన్ని అన్నదానానికి చేర్చు" అని చెప్పే అధికారం గురువుకు ఉన్నదనే నేను భావిస్తాను.

కాని ఒక్క మెలిక ఉంది. సొమ్ము తమ సంచిలో పడటం లేదు గనుక తమకు ఏ దోషమూ లేదని కొందరు బోధకులు అనుకొంటారు. నేను ఒప్పుకోను. ఐదువేల రూపాయల రశీదు చూపితే గాని పుస్తకం తెరవనంటే అది బేరమే. సొమ్ము దేవునికి చేరినా, రశీదు తేలేని పిల్లవాడు గడప బయటనే నిలిచిపోతాడు. ఆ పిల్లవానికి ఆ విరాళం ఎంత పవిత్రమైనదో చెప్పి ఏమి ప్రయోజనం?

ఇక రెండవ సందేహం. తన సొత్తుపై తన హక్కును వదులుకొని దాన్ని మరొకరి సొత్తు చేయడం దానమని శాస్త్రం. "న మమ", ఇది నాది కాదు అన్న మాట దానికి ప్రాణం. ప్రత్యుపకారం చేయనివానికి, ఇవ్వవలసినదన్న భావంతో ఇచ్చినది సాత్త్విక దానమని, ప్రత్యుపకారం కోరి ఇచ్చినది రాజసమని గీత పదిహేడవ అధ్యాయం విభజించింది. పిల్లవాని పాఠానికి ప్రతిగా చెల్లించినది ఏ కోవలోకి వస్తుంది? ఇక్కడ కాళిదాసు రఘువంశం ఐదవ సర్గ మనకు సాయపడుతుంది.

వరతంతు మహర్షి శిష్యుడు కౌత్సుడు. చదువు ముగిశాక దక్షిణ ఏమి ఇమ్మంటారని అడిగాడు. నీ శుశ్రూషయే చాలునన్నాడు గురువు. శిష్యుడు పట్టుపట్టాడు. గురువుకు కోపం వచ్చి, నేర్పిన పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు తెమ్మన్నాడు. కౌత్సుడు రఘుమహారాజు వద్దకు వెళ్లేసరికి, ఆయన విశ్వజిద్యాగంలో సర్వస్వమూ ఇచ్చివేసి మట్టిపాత్రతో అర్ఘ్యం తెచ్చే స్థితిలో ఉన్నాడు. అయినా అతిథిని వట్టిచేతులతో పంపడానికి మనసొప్పక, రెండుమూడు దినాలు ఆగుమని చెప్పి కుబేరునిపై దండెత్త నిశ్చయించాడు. తెల్లవారేసరికి కోశాగారంలో బంగారం కురిసి ఉంది. రఘువు అంతా తీసుకొమ్మన్నాడు. కౌత్సుడు గురువుకు ఇవ్వవలసినదానికి మించి ముట్టనన్నాడు. సాకేత ప్రజలు ఇద్దరినీ మెచ్చుకొన్నారు.

ఆ బంగారం ఒక్కటే. రఘువు చేతి నుండి కౌత్సునికి వెళ్లినప్పుడు అది దానం. కౌత్సుని చేతి నుండి వరతంతువుకు వెళ్లినప్పుడు అది దక్షిణ, ఋణవిముక్తి. మన విషయంలోనూ ఇదే లెక్క. శిష్యుడు చెల్లించినది దక్షిణ. ఆ దక్షిణపై తన హక్కును వదులుకొన్న బోధకునిది దానం. తల్లిదండ్రులు పాఠానికి తగినంత ఇచ్చి, ఆపైన మరికొంత సమర్పిస్తే ఆ అధికభాగం నిస్సందేహంగా వారి దానమే. ఋణం తీరడాన్ని తక్కువగా ఎంచవద్దని మాత్రం వారికి మనవి చేస్తాను. సంకల్పం చెప్పించుకొనేటప్పుడు పిల్లవాని పేరు, గోత్రం చెప్పి "గురుదక్షిణ నిమిత్తం" అని అర్చకులకు తెలియజేస్తే మాట సూటిగా ఉంటుంది.

నా వద్ద చదివే ఒక బాలిక తల్లి టైలరింగు చేసి ఇల్లు గడుపుకొంటున్నది. ఆమె ప్రతి శనివారం అన్నదాన వంటశాలకు వచ్చి రెండు గంటలు కూరలు తరుగుతున్నది. మనువు పట్టికలో కూరలు ఉండనే ఉన్నాయి. నా దృష్టిలో ఆ బాలిక దక్షిణ ఏ వారానికి ఆ వారం చెల్లిపోతున్నది.

లౌకికమైన సంగతులు కూడా కొన్ని ఉన్నాయి. సొమ్మును బోధకుని చేతికి గాని, ఆయన ఫోను నంబరుకు గాని పంపవద్దు. దేవస్థానం కౌంటరులోనే చెల్లించి, చెల్లించినవారి పేరనే రశీదు తీసుకోవాలి. ఆదాయపు పన్నులో 80జి రాయితీ కోరదలచినవారు, రెండు వేల రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి ఆ రాయితీ లేదని గుర్తుంచుకోవాలి. పాఠానికి ప్రతిగా చెల్లించిన సొమ్మును విరాళంగా చూపే ముందు ఉన్న విషయం ఉన్నట్లు ఆడిటరుకు చెప్పి, ఆయన సలహా మేరకే నడుచుకోవాలి. నా శిష్యులు మాత్రం ఆ రశీదులు నాకు తెచ్చి చూపనక్కరలేదు. ఎంత ఇచ్చారో నేను అడగను.