గాజువాకలో తెల్ల కారు

ముప్పై రెండేళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. అయినా షోరూములో కుర్రాడు "టెఫ్లాన్ కోటింగ్ వేయించేసుకోండి మేడమ్, మూడేళ్లు పెయింటు చెక్కుచెదరదు" అనగానే మారుమాట్లాడకుండా ఐదున్నర వేలు కట్టేశాను. ఇంటికొచ్చి కాఫీ తాగుతుంటే అప్పుడు బుర్ర పనిచేసింది. టెఫ్లాన్ కరగాలంటే 327 డిగ్రీల సెల్సియస్ కావాలి. పెనానికి దాన్ని పట్టించేది అంత వేడిలోనే. దేనికీ అంటుకోకపోవడమే దాని గుణమైతే, గుడ్డతో రుద్దినంత మాత్రాన కారుకెలా అంటుకుంటుంది? ఆ నిగనిగంతా పాలిష్‌ది, అందులో కలిపిన మైనానిది. వానాకాలం సగం కాకముందే పోయింది.

మా గాజువాకలో తెల్ల కారు కొనడమే తప్పన్నారు పక్క ఫ్లాటువాళ్లు. ఒకవైపు స్టీల్‌ప్లాంటు, ఒకవైపు హైవే లారీలు, గాలి తిరిగితే సముద్రపు ఉప్పు. ఆరు నెలలకు బానెట్ మీద ఆవగింజల్లో సగం ఉండే నారింజ చుక్కలు మొదలయ్యాయి. కొత్త కారుకు తుప్పేమిటని గుండె గుభేలుమంది. టింకరింగ్ షెడ్డు మేస్త్రీ వేలితో తడిమి చూశాడు. "తుప్పు లోపల్నుంచి రాలేదమ్మా. ఇనప రజను పైన పడి దిగింది. పట్టాల పక్కన, వెల్డింగ్ షాపుల దగ్గర పెట్టే బళ్లన్నిటికీ ఇంతే" అన్నాడు. ఏదో మందు కొట్టాడు. రెండు నిమిషాల్లో చుక్కచుక్కా ఊదారంగుకు తిరిగి కిందికి కారింది. ఆ కుళ్లు వాసన నాకు తెలుసు: థయోగ్లైకోలేట్. బ్యూటీ పార్లర్‌లో జుట్టుకు రింగులు తిప్పే మందులోనూ అదే జాతిది ఉంటుంది.

ఆయన దగ్గర పెయింటు మందం కొలిచే చిన్న మీటరుంది. నా బానెట్ మీద పెడితే 118 మైక్రాన్లు చూపించింది. తల వెంట్రుక సుమారు 70 ఉంటుంది. అంటే తుప్పు పట్టకుండా వేసే అడుగుపొర, ప్రైమర్, రంగు, పైన పారదర్శకమైన క్లియర్‌కోట్, అన్నీ కలిపి రెండు వెంట్రుకల మందం లేదు! ఎండకూ కాకి రెట్టకూ ఎదురు నిలిచేది ఆ క్లియర్‌కోటే. అది నలభై, యాభై మైక్రాన్లు. రబ్బింగ్ కాంపౌండ్ కొట్టించి మెరిపించిన ప్రతిసారీ అరిగేదీ అదే. గోరు కాదుగా, మళ్లీ పెరగడానికి.

ఈ లెక్క తెలిశాక డీటెయిలింగ్ సెంటర్‌కు వెళ్లాను. సిరామిక్ కోటింగ్‌కు ఇరవై ఎనిమిది వేలన్నారు. "9హెచ్ హార్డ్‌నెస్ మేడమ్, గీత పడదు." ఆ 9హెచ్ పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలోది. వజ్రాన్నీ రాళ్లనూ పోల్చే మో కొలబద్దకూ దానికీ చుట్టరికం లేదు. ఆ పొర మందం మహా అయితే రెండు మైక్రాన్లు. నీళ్లు, బురద తేలిగ్గా జారిపోతాయి, ఎండను కొంత ఆపుతుంది, రెట్ట పడితే తుడుచుకునే వ్యవధి ఇస్తుంది. ఆ మేరకు మంచిదే. లారీ టైరు ఎగరేసిన కంకర రాయిని మాత్రం ఆపలేదు.

రాయిని ఆపేది పీపీఎఫ్. పాలీయురేథేన్ ఫిల్ము, 150 నుంచి 200 మైక్రాన్లు. సన్నని గీతలు ఎండ వేడికి వాటంతటవే పూడుకుంటాయి కూడా. కారంతా వేయిస్తే లక్ష దాటుతుందన్నారు. నేను ముందు బంపరుకు, బానెట్ అంచుకు, గోళ్లు గీసుకునే డోరు హ్యాండిల్ గుంటలకు మాత్రం వేయించాను. సముద్రం పక్క ఊళ్లో నా భయం మెరుపు గురించి కాదు. పెయింటు నిక్షేపంగా ఉన్నచోట ఉప్పుగాలి ఏమీ చేయలేదు. రాయి తగిలి ఇనుము బయటపడ్డ చోటే మొదలుపెడుతుంది. అందుకే కారు రంగు టచప్ సీసా ఒకటి డాష్‌బోర్డులో ఉంచుకున్నాను. మిగతా ఒంటికి కార్నూబా మైనం. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల మీంచి తీస్తారు. మన ఎండల్లో నెలో రెండు నెలలో నిలుస్తుంది. నాకు రిటైరయ్యాక ఆదివారాలకు కొదవ లేదు.

ఇంతా చేస్తే, నా పెయింటును ఎక్కువగా తిన్నది సముద్రమూ కాదు, స్టీల్‌ప్లాంటూ కాదు. రోజూ తెల్లవారుజామున కార్లు తుడవడానికి వచ్చే కుర్రాడి గుడ్డ. ఒక బకెట్టు, ఒక గుడ్డ, పదకొండు కార్లు. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులుపుతాడు, అంటే ఆ ఇనప రజనుతోనే కారును తోముతాడు. రాత్రి వీధిదీపం కింద చూస్తే బానెట్ నిండా సాలెగూడులా సన్నని గీతలు. తుడిచే కుర్రాణ్ణి తిట్టి లాభమేముంది, కారుకు నెలకు నాలుగు వందలిచ్చి వాడి చేతికి మంచి గుడ్డ ఎవరిచ్చారు? రెండు బకెట్లు, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు కొనిచ్చి, ఇంకో వంద పెంచి, రోజూ వద్దు, వారానికి రెండుసార్లు చాలన్నాను. ముందు నీళ్లు కొట్టి దుమ్ము వదిలాకే చెయ్యి వేయాలి. బోరు నీళ్లు వద్దు, ఆరితే తెల్లమచ్చలు కడతాయి.

మొన్న దసరా పూజ మర్నాడు వాడు పరుగున పైకొచ్చాడు. "అమ్మా, నానేటీ సెయ్యనేదు! పసుపే ఎర్రగైపోనాది!" దిగి చూద్దును కదా, బంపరు మీద పసుపు పారాణిలా ఉంది. షాంపూ అయిపోయిందని బట్టల సబ్బుపొడి వేశాడు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపవుతుంది. పూజలో మిగిలిన నిమ్మకాయ అక్కడే ఉంటే పిండి చూపించాను. వాడు నోరు తెరిచాడు. సబ్బుపొడితో నా మైనమంతా పోయిందన్న సంగతి తర్వాత చెప్పాను. మిగిలిన మరకకు ఏం రుద్దమంటారని అడిగితే ఏమీ వద్దు, ఎండలో పెట్టమన్నాను. వారం తిరగకుండా వెలిసిపోయింది.