వీధిలో పిల్లల సైకిలు, ఇరుగుపొరుగుల తగవు

సాయంకాలము బడి విడిచిన పిమ్మట పిల్లలు సైకిళ్లతో వీధిలో చేరుట పట్టణములందు నిత్యము కానవచ్చు విషయమే. ఆ వీధిలోనే ఇంటింటి ముందరను కార్లు నిలిచియుండును. ఆ వేళనే వృద్ధులు చల్లగాలికై నడక సాగింతురు. తల్లులు చంటిబిడ్డల నెత్తుకొని గుమ్మముల ముందర నిలుతురు. కూరగాయల బండ్లు వచ్చును. ఒకే ఇరుకు చోటును ఇందరు ఒకే వేళలో కోరుటచే ఘర్షణ కలుగును. కారుపై గీత పడినదని ఒకరు, ముసలమ్మ తూలి పడబోయినదని ఒకరు, తమ బిడ్డను పరులు కసరినారని మరియొకరు మాట పెంచుదురు. పిల్లలు మరునాడే మరల కలిసి ఆడుకొందురు. పెద్దలు మాత్రము నెలల తరబడి పలుకరించుకొనరు. తుదకు నివాసుల సంఘము వారు “ఇచ్చట సైకిళ్లు త్రొక్కరాదు” అని ఒక బోర్డు కట్టింతురు.

ఆ బోర్డుతో తగవు తీరినట్లు తోచును గాని అది తీరదు. వీధిలో త్రొక్కరాదన్న పిల్లలు ఇంటిలో కూర్చుండిపోవుదురు. లేదా లారీలు, బస్సులు తిరుగు పెద్ద రోడ్డు మీదికి పోవుదురు. మొదటిది ఆరోగ్యమునకు చేటు, రెండవది ప్రాణమునకే చేటు. కావున ఈ చిక్కునకు మందు నిషేధము కాదు, ఏర్పాటు. ఆ ఏర్పాటు ఎట్లుండవలెనో తెలిసికొనుట అందరికిని మేలు.

పిల్లలకు సైకిలు ఏల?

5 మొదలు 17 ఏండ్ల వరకు గల పిల్లలు సగటున దినమునకు 60 నిమిషములకు తక్కువ గాకుండ శరీరశ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో వెలువరించిన సూచనలలో చెప్పినది. గుండె వేగముగా కొట్టుకొని, ఊపిరి బలముగా ఆడు శ్రమ వారమునకు 3 దినములైనను ఉండవలెననియు అందు కలదు. సైకిలు త్రొక్కుట వలన ఈ రెండును సిద్ధించును. తొడల, పిక్కల కండరములు గట్టిపడును; గుండెకు, ఊపిరితిత్తులకు బలము చేకూరును; శరీరపు తూకము నిలుపుకొను నేర్పు అలవడును. ఆకలి, నిద్ర క్రమపడును. బాల్యముననే స్థూలకాయము కనిపించుచున్న ఈ దినములలో ఇది చిన్న లాభము కాదు.

ఆట పిల్లల హక్కు గూడ. ఐక్యరాజ్య సమితి 1989 లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక యందలి 31 వ అధికరణము విశ్రాంతిని, ఆటను బాలలకు హక్కుగా గుర్తించినది. భారతదేశము 1992 లో ఆ ఒడంబడికలో చేరినది.

తగవునకు మూలము

సామాన్యముగా తగవు పిల్లల అల్లరి వలన పుట్టినదని తలంతురు. నిజమునకు దాని మూలము చోటు చాలకపోవుటయే. 30 అడుగుల వీధి యనగా సుమారు 9 మీటర్ల వెడల్పు. చిన్న కారు వెడల్పు ఇంచుమించు 1.7 మీటర్లు. ఇరుప్రక్కలను కార్లు నిలిచినచో మధ్యను మిగులునది 5 మీటర్లకు కొంచెము మించును. వాకిళ్ల ముందరి మెట్లు, స్కూటర్లు, పూలకుండీలు అందులో మరికొంత ఆక్రమించును. మిగిలిన ఆ సందులోనే కార్లు పోవలెను, మనుష్యులు నడువవలెను, పిల్లలు ఆడుకొనవలెను. అపార్టుమెంట్లలో ఈ ఇరుకు మరింత హెచ్చు. అచ్చట సెల్లారులో స్తంభముల నడుమనే పిల్లలు సైకిళ్లు త్రిప్పుదురు.

కావున ఫిర్యాదు చేయు వారెవ్వరును పూర్తిగా తప్పు పట్టదగినవారు కారు. అప్పు చేసి కారు కొన్నవానికి దానిపై గీత పడిన బాధ కలుగుట సహజము. వృద్ధుల భయము మరింత న్యాయమైనది. వయస్సు మీరినవారి ఎముకలు గుల్లబారియుండును. చిన్న తాకిడికే పడి తుంటి ఎముక విరిగిన వారు కొందరు మరల నడువలేక మంచము పట్టుదురు. బిడ్డను ఆడుకొననిమ్మని తల్లి కోరుటయు న్యాయమే.

నిజమైన అపాయము ఎచ్చట నున్నది?

కారుపై పడిన గీతను రంగు వేసి మాన్పవచ్చును. పిల్లవాని తలకు తగిలిన దెబ్బను అంత సులభముగా మాన్పజాలము. పెద్దల వాదములలో ఈ భేదము తరచు మరుగుపడును. నిలిచియున్న కార్ల వలన పిల్లలకు మూడు విధములైన అపాయములు కలవు.

మొదటిది మరుగు. పిల్లవాడు పొట్టివాడు; నిలిచిన కారు చాటున నున్నచో వచ్చు బండివానికి కనబడడు, బండియు వానికి కనబడదు. గంటకు 20 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు ఒక్క క్షణములో 5 మీటర్లకు పైగా సాగును. 4 మీటర్ల దూరములో పిల్లవాడు హఠాత్తుగా రెండు కార్ల నడుమ నుండి వెలువడినచో, చోదకుని కాలు బ్రేకును తాకులోపలనే కారు వానిని చేరును. అదే కారు 10 కిలోమీటర్ల వేగముతో వచ్చినచో, ఎండిన నేలపై, మంచి బ్రేకులతో, 4 మీటర్లలోపల ఆగగలదు. వచ్చు బండి వేగమును సరిగా అంచనా కట్టు శక్తి చిన్న పిల్లలకు ఇంకను అలవడియుండదు. కావున జాగ్రత్త భారము పెద్దలపైననే హెచ్చుగా నుండవలెను.

రెండవది కారు తలుపు. నిలిచిన కారు తలుపు ఆకస్మికముగా తెరచినచో ప్రక్కను పోవు సైకిలు దానికి కొట్టుకొనును. మూడవది కారు వెనుకకు నడుపుట. కారు వెనుక దగ్గరగా నున్న చిన్న పిల్లవాడు అద్దములో కనబడకపోవచ్చును. సెల్లారు నుండి పైకి వచ్చు వాలు బాట యొద్ద ఈ మూడు అపాయములును ఒక్కచోట చేరును.

తల్లిదండ్రులు చేయవలసినవి

సైకిలు పిల్లవాని ఎత్తునకు తగినదై యుండవలెను. సీటుపై కూర్చున్నప్పుడు పాదముల ముందు భాగమైనను నేలకు ఆనవలెను. “ఎదుగుచున్నాడు గదా” యని పెద్ద సైకిలు కొనియిచ్చుట మంచిది కాదు. రెండు బ్రేకులును పనిచేయవలెను, బెల్లు మ్రోగవలెను. హ్యాండిలు కొనలకు రబ్బరు తొడుగు తప్పక ఉండవలెను. తొడుగు ఊడిన గొట్టము పొట్టకు గ్రుచ్చుకొన్నచో లోపల కాలేయము, ప్లీహము దెబ్బతినును. వదులైన పైజామా, పావడా అంచు, ఓణీ కొంగు చైనులో చిక్కకుండ బిగించి కట్టవలెను. వెనుక క్యారియరుపై చిన్న పిల్లలను ఎక్కించుకొనరాదు; వారి మడమ చక్రపు ఊచలలో పడి నలిగిపోవును.

తలకు శిరస్త్రాణము పెట్టుట అలవాటు చేయవలెను. సైకిలు ప్రమాదములలో అది తలకు, మెదడునకు దెబ్బ తగులు అవకాశమును 63 మొదలు 88 శాతము వరకు తగ్గించునని 1999 లో వెలువడిన ఒక శాస్త్రసమీక్ష తేల్చినది. దాని పట్టీ గడ్డము క్రింద బిగించినప్పుడే ఫలము.

పిల్లలకు నేర్పవలసిన నియమములు నాలుగే. గేటు దాటునప్పుడు ఆగి ఇరుప్రక్కల చూడవలెను. నిలిచిన కార్లకు ఒక తలుపు వెడల్పు, అనగా ఒక మీటరు, ఎడముగా త్రొక్కవలెను. నడచువారు ఎదురైనచో వేగము తగ్గించి, బెల్లు మ్రోగించి, వారికి దారి యిచ్చి పోవవలెను; వృద్ధులు ఎదురైనచో దిగి నడిపించుకొని పోవుట మేలు. పందెములు మైదానములోనే గాని కార్ల నడుమ వేయరాదు.

కార్లు గలవారు చేయవలసినవి

కారు కదలించుటకు ముందు ఒకసారి దాని చుట్టును నడచి చూడవలెను. వీధిలోను, సెల్లారులోను మనిషి నడక కంటె కొంచెము హెచ్చు వేగముతోనే నడుపవలెను. మన దేశములో చోదకుడు కుడిప్రక్కన కూర్చుండును గనుక, తలుపును ఎడమచేతితో తెరచు అలవాటు చేసికొన్నచో దేహము తనంతట తానే వెనుకకు తిరిగి, వచ్చు సైకిలు కంటబడును. ఎడమప్రక్కన కూర్చున్నవారు కుడిచేతితో తెరవవలెను. పాదచారుల బాటపై కారు నిలుపరాదు. కేంద్ర ప్రభుత్వము 2017 లో ప్రకటించిన వాహనచోదన నియమములు దీనిని నిషేధించుచున్నవి. బాటను కారు ఆక్రమించినచో వృద్ధులు రోడ్డులోనికి దిగవలసివచ్చును. సైకిలుతో తాకిడి అచ్చటనే సంభవించును.

ఒడంబడిక ఎట్లు చేసికొనవలెను?

తగవు వచ్చిన దినమున గాక, అందరు శాంతముగా నున్న దినమున ఇరుగుపొరుగువారు కూడి మాటలాడుకొనవలెను. మొట్టమొదట కాలమును పంచుకొనవలెను. సాయంకాలము ఒక గంట పిల్లలదిగా నిర్ణయించి, ఆ గంటలో వీధి ఒక కొనను కార్లు నిలుపకుండ విడిచిపెట్టవచ్చును. వృద్ధుల నడకకు వేరు వేళగాని, వేరు ప్రక్కగాని ఏర్పరుపవచ్చును. సెల్లారు వాలు బాటపై సైకిలు త్రొక్కుటను మాత్రము పూర్తిగా మానిపింపవలెను. ఆ గంటలో పెద్దలొకరు వంతుల వారీగా దగ్గర నుండవలెను. ఈ భారమును వాచ్‌మనుపై త్రోయుట న్యాయము కాదు. ఈ మాటలలో పిల్లలను గూడ కూర్చుండబెట్టవలెను. తాము ఒప్పుకొన్న నియమమును పిల్లలు హెచ్చుగా పాటింతురు.

ఇట్టి ఏర్పాటు క్రొత్తది కాదు. కార్లు నడక వేగముతో పోవలసిన నివాస వీధులకు నెదర్లాండ్సు దేశము 1976 లోనే చట్టముచే గుర్తింపు నిచ్చినది. మన దేశములో 2013 నవంబరులో గుర్‌గావ్ పట్టణమందు ఆదివారపు ఉదయము కొన్ని రోడ్లను మోటారు బండ్లకు మూసి, నడకకును, సైకిళ్లకును, ఆటలకును తెరచిరి.

కారుపై గీత పడినచో పిల్లవానిని కొట్టుటగాని, సైకిలును లాగుకొనుటగాని తగదు. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారము ఏడేండ్లు నిండని బిడ్డ చేసిన ఏ పనియు నేరము కాదు. అట్లని తల్లిదండ్రులు బాధ్యత తప్పించుకొనరాదు. తామే ముందుగా పోయి మాటలాడి, బాగుచేయించు ఖర్చు భరించి, పిల్లవానిచే క్షమాపణ చెప్పించుట మర్యాద. ఆ మర్యాద జరిగిన యింట తగవు నిలువదు.

దెబ్బ తగిలినప్పుడు

గీరుకొన్న గాయమును సబ్బుతోను, ధారగా పడు మంచినీటితోను కడిగి శుభ్రమైన గుడ్డ కట్టవలెను. కాఫీపొడి, పేడ, బూడిద అద్దరాదు. ధనుర్వాత నివారణ టీకాలు వేళకు పడినవో లేదో చూచుకొనవలెను; 10, 16 ఏండ్ల వయస్సులో ఈ టీకా జాతీయ టీకాల పట్టికలో కలదు.

తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పుట, మాటిమాటికి వాంతులు, అసహజమైన మగత, మూర్ఛ, చెవి ముక్కుల నుండి రక్తముగాని నీరుగాని కారుట, తలనొప్పి హెచ్చగుట — వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. ఈ లక్షణములు కొన్ని గంటల పిమ్మట గూడ కనబడవచ్చును గనుక ఒకటి రెండు దినములు కనిపెట్టియుండవలెను. హ్యాండిలు పొట్టకు తగిలినప్పుడు పైకి చిన్న కమిలిన మచ్చయే యున్నను, నొప్పి తగ్గకున్నచో వైద్యునికి చూపవలెను. పడిన వృద్ధులు కాలు మోపలేకున్నచో బలవంతముగా నిలువబెట్టరాదు. అత్యవసరమైనచో 108 కు గాని, 112 కు గాని ఫోను చేయవలెను.

వీధి ఏ ఒక్కరి సొత్తును కాదు. కారు గలవాడు వేగమును, బాలుడు తొందరను, పెద్దలు కోపమును కొంచెము తగ్గించుకొన్నచో ఆ వీధియే బిడ్డలకు మైదానము, వృద్ధులకు నడకబాట కాగలదు. బోర్డు కట్టుటకు ముందు ఒక సాయంకాలము కూడి కూర్చుండి మాటలాడుకొనుట ప్రతి వీధివారును చేయదగిన పని.