మణికట్టు మీద కాపలా గుర్రం!

గుర్రంకొండ కోట గురించి పెద్దలు చెప్పే కథ ఒకటుంది. ఆ కొండమీద ఓ గుర్రం కాపలా ఉండేదట. అది అక్కడున్నంత కాలం కోట ఎవరికీ చిక్కదని నమ్మకం. ఓ మరాఠా దొంగ నిట్టనిలువు బండ పట్టుకుని పైకి పాకి, ఆ గుర్రాన్ని దించుకుపోయాడట. దొంగ దొరికాడు, గుర్రమూ దొరికింది. కానీ కోటకున్న మహిమ మాత్రం ఆ రోజుతో పోయిందంటారు. ఏ వైపు నుంచి ఎవరూ రాలేరని అందరూ ధీమాగా ఉన్నారో, సరిగ్గా ఆ వైపు నుంచే వచ్చాడు దొంగ!

చేతి గడియారానికి తొలిసారి యాప్ తయారుచేసేవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన కథ ఇది. స్మార్ట్‌వాచీకి యాప్ రాయడం ఇప్పుడు బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంజినీరింగ్ చదివే పిల్లలు వారంలో రాసేయగలరు. దాన్ని నమ్మొచ్చా లేదా అని తేల్చడమే అసలు పని. ఎలాగో చూద్దాం.

ఓ కుటుంబాన్ని ఊహించుకోండి. గుర్రంకొండ దగ్గర టమాటా రైతు. వయసు అరవై దాటింది. ఉదయం ఏడింటికి బీపీ మాత్ర వేసుకోవాలి. ఆ వేళకి ఆయన తోటలో ఉంటాడు. చేతులకు మట్టి. ఫోనేమో మోటారు షెడ్డులో చొక్కా జేబులో. మదనపల్లెలో ఇంజినీరింగ్ చదివే కూతురు సాయంత్రం ఫోన్ చేసి అడుగుతుంది.

‘మాత్ర వేసుకున్నావా నాయనా?’

‘వేసుకున్న్యా అనుకుంటా పాపా!’

ఆ ‘అనుకుంటా’తోనే వచ్చింది చిక్కు. మాత్ర మరిచిపోవడం ఎంత తప్పో, వేసుకున్న సంగతి మరిచి మళ్లీ వేసుకోవడమూ అంతే తప్పు. ‘చేతికున్న వాచీయే గుర్తుచేస్తే?’ అనుకుంది ఆ అమ్మాయి. అక్కడ మొదలైంది తొలి యాప్.

ఫోనుకి తమ్ముడు కాదు!

వాచీ అంటే చిన్న ఫోనే కదా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇప్పటి ఫోన్లలో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ మామూలైపోయింది. చాలా స్మార్ట్‌వాచీల్లో ఉండేది 300 నుంచి 500 లోపే. తెర అంగుళంన్నరకు అటూ ఇటూ. పైగా చాలావాటికి గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూలలు ఉండవు. ఫోను పట్టుకుంటే పది నిమిషాలైనా చూస్తాం. వాచీని ఎంతసేపు చూస్తాం? చెయ్యెత్తి, ఒక్క చూపు చూసి దించేస్తాం. ఆ కొద్ది క్షణాల్లో చెప్పదలుచుకున్నది చెప్పేయాలి. అడగాల్సింది ఒక్క మీటతో అడిగేయాలి.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు కొత్తవాళ్లకు చెప్పే మొదటి మాట... యాప్ చేసే పనిని ఒక్క వాక్యంలో రాసుకోమని. మన అమ్మాయి రాసుకున్న వాక్యం ఇదీ: ‘ఏడింటికి చేతిని తట్టాలి, వేసుకున్నావా అని అడగాలి, జవాబు నాకు చెప్పాలి’. మాత్రల బొమ్మలూ, నెలవారీ లెక్కలూ, రంగురంగుల గ్రాఫులూ అన్నీ తర్వాత.

పెబుల్ నుంచి హైదరాబాద్ దాకా

చేతి గడియారానికి తెలివితేటలు నేర్పాలన్న తాపత్రయం ఇప్పటిది కాదు. జపాన్ సంస్థ సైకో 1980ల్లోనే సమాచారం దాచుకునే వాచీలు తెచ్చింది. బయటివాళ్లు రాసిన యాప్‌లకు పెద్ద సందడి తెచ్చింది మాత్రం పెబుల్. ఎరిక్ మిజికోవ్‌స్కీ అనే కెనడా యువకుడు 2012లో ‘ఇలాంటి వాచీ చేస్తాను, ముందుగా డబ్బు కట్టండి’ అని కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో అడిగితే దాదాపు 69 వేల మంది కలిసి కోటి డాలర్లకు పైగా ఇచ్చారు! 2014లో గూగుల్ వాచీల కోసం ఆండ్రాయిడ్ వేర్‌ను తెచ్చింది. దాని పేరే 2018లో వేర్ ఓఎస్‌గా మారింది. 2015 ఏప్రిల్‌లో ఆపిల్ వాచ్ మార్కెట్లోకి వచ్చింది. పెబుల్ మాత్రం 2016లో మూతపడింది. ఆ వాచీని నడిపిన సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ 2025 జనవరిలో అందరికీ ఉచితంగా విడుదల చేసింది.

ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. రాజ్ నేరవాటి హైదరాబాద్‌లో స్థాపించిన హగ్ ఇన్నొవేషన్స్ సొంతంగా స్మార్ట్‌వాచీ తయారుచేసింది. చెయ్యి ఊపి వేరే పరికరాలను నడిపించడం, ఆపదలో ఉన్నప్పుడు అయినవాళ్లకు కబురు పంపడం దాని ప్రత్యేకతలు. ఆ సంస్థను 2020లో టైటాన్ కొనేసింది. టైటాన్ అంటే మన కుప్పం వాళ్లకు కొత్త పేరేం కాదు. సరిహద్దు దాటితే హోసూరు. తెలుగు మాట బాగా వినిపించే ఆ ఊళ్లోనే 1980ల నుంచి టైటాన్ వాచీలు తయారవుతున్నాయి. ముళ్ల గడియారాలు చేసిన సంస్థ, చేతికి కట్టే కంప్యూటర్ కోసం హైదరాబాద్ వైపు చూసిందన్నమాట.

ఏమేం కావాలి?

పెద్దగా ఖర్చు లేదు. వేర్ ఓఎస్ యాప్‌లు రాసుకోవడానికి ఆండ్రాయిడ్ స్టూడియో ఉచితంగా దొరుకుతుంది. కోట్లిన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటే చాలు. వాచీ చేతిలో లేకపోయినా ఫర్వాలేదు... కంప్యూటర్ తెరమీదే ఉత్తుత్తి వాచీ కనిపిస్తుంది. దాన్నే ఎమ్యులేటర్ అంటారు. ఆపిల్ వాచ్‌కి రాయాలంటే మ్యాక్ కంప్యూటర్, అందులో ఎక్స్‌కోడ్ ఉండాలి.

ఓ జాగ్రత్త మాత్రం తప్పదు. బజారులో రెండు వేలకో మూడు వేలకో దొరికే వాచీలు చూసి ‘దీంట్లోనే నా యాప్ వేసుకుంటా’ అనుకోకండి. వాటిలో చాలావాటికి సొంత సాఫ్ట్‌వేర్ ఉంటుంది. బయటివాళ్ల యాప్‌ను అవి దగ్గరికి రానివ్వవు. కొనేముందే వేర్ ఓఎస్ ఉందో లేదో చూసుకోవాలి.

యాప్ సిద్ధమయ్యాక దాన్ని వాచీలోకి ఎక్కించే పద్ధతి భలే తమాషాగా ఉంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘బిల్డ్ నంబర్’ అని ఉన్నచోట ఏడుసార్లు తట్టాలి. అలీబాబా గుహ తలుపులా డెవలపర్ ద్వారం తెరుచుకుంటుంది! ఆ తర్వాత వైఫై ద్వారా కంప్యూటర్ నుంచి యాప్ వాచీలోకి వెళ్లిపోతుంది.

వత్తు తెగింది... అర్థం పోయింది

మన అమ్మాయి చేసిన తొలి యాప్ ఎమ్యులేటర్‌లో చక్కగా నడిచింది. ఏడు కాగానే మోగింది. మీట నొక్కగానే ‘వేసుకున్నాను’ అని నమోదైంది. పండగే పండగ! వాచీలో వేశాక మొదటి దెబ్బ తగిలింది. మన అక్షరాలకు తలకట్టు పైన, వత్తు కింద. ఇంగ్లిషు అక్షరాల కొలతతో వరుసలు పేరిస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. గుండ్రటి తెర అంచున పదం సగానికి తెగుతుంది. ‘వేసుకున్నాను’, ‘వేసుకోలేదు’... రెండింటి మొదలూ ఒకటే. చివర తెగితే రెండూ ‘వేసుకు’, ‘వేసుకో’ దగ్గరే ఆగుతాయి. మాత్ర విషయంలో అది ఎంత ప్రమాదం! అందుకే మాటలు మార్చింది. ఒక మీటకు ‘అయింది’, రెండోదానికి ‘లేదు’. వరుసల మధ్య ఎడం పెంచింది. అక్షరం లావు చేసింది. చదువుకోడానికి కళ్లజోడు వెతుక్కునే మనిషి కోసం చేస్తున్నానన్నది ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

కంప్యూటర్లో పాస్... చేతిమీద ఫెయిల్!

అసలు దొంగలు ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు.

మొదటివాడు నిద్ర. రాత్రి చేతి నుంచి తీసి గూట్లో పెట్టిన వాచీ బ్యాటరీ మిగుల్చుకోవడానికి గాఢనిద్రలోకి జారుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో 2015 నుంచీ ఉన్న ఏర్పాటే ఇది. ఆ నిద్రలో మామూలు అలారాలను తనకు వీలైనప్పుడు మోగిస్తుంది తప్ప చెప్పిన వేళకు కాదు. ఖచ్చితంగా ఆ నిమిషానికే మోగాలంటే యాప్‌లో వేరే తీరుగా రాయాలి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి ప్రత్యేక అనుమతి కూడా ఉండాలి.

రెండోవాడు మరుపు. బ్యాటరీ అయిపోయి వాచీ ఆగిపోతే పెట్టుకున్న అలారాలన్నీ చెరిగిపోతాయి. మళ్లీ వెలిగాక వాటిని తిరిగి పెట్టుకోవాలని యాప్‌కి మనమే నేర్పాలి. నేర్పకపోతే? వాచీ వెలుగుతూ ఉంటుంది, టైము సరిగ్గా చూపిస్తూ ఉంటుంది, మాత్ర సంగతి మాత్రం ఎప్పటికీ చెప్పదు. చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది!

మూడోవాడు జంట మోత. ఫోనుకి వచ్చిన కబుర్లను వాచీ తనంతట తానే తెచ్చి చూపిస్తుంది. ఫోనులోని యాప్ ఒకసారి, వాచీలోని యాప్ ఒకసారి గుర్తుచేస్తే చేతిమీద రెండుసార్లు మోగినట్టు. ‘ఇప్పుడే కదా వేసుకున్న్యా, మళ్లా కొట్టుకుంటాందేంది?’ అని అయోమయం. రెండో మోతను చూసి రెండో మాత్ర వేసుకుంటే?

నాలుగోవాడు అందరికన్నా ఘటికుడు. నాన్న తోటలో ‘అయింది’ నొక్కాడు. ఫోను దూరంగా షెడ్డులో ఉంది. బ్లూటూత్ అందేది మామూలుగా పది మీటర్ల చుట్టుపక్కలే. వాచీలో సిమ్ లేదు. కబురు వాచీ దాటలేదు. మదనపల్లెలో కూతురి ఫోను మాత్రం ‘వేసుకోలేదు’ అని ఎర్రగా చూపించింది. ఆమె కంగారుగా అమ్మకు ఫోన్ చేసింది. అమ్మ ఇంకో మాత్ర చేతిలో పెట్టబోయింది. ‘ఏడింటికే అయిపోయింది కదా’ అని ఆయనకు గుర్తుండబట్టి సరిపోయింది!

ఇక్కడ యాప్ మోగింది. మీట పనిచేసింది. నమోదూ అయింది. తప్పల్లా ఒక్కటే... తనకు తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పడం. అందుకని ఆమె మూడో జవాబు చేర్చింది. ‘అయింది’, ‘లేదు’, ‘ఇంకా కబురు అందలేదు’. చిన్న మార్పే. కానీ ఆ యాప్ నమ్మదగ్గదయింది ఆ క్షణం నుంచే. గుర్తుచేయని వాచీ కన్నా తప్పుడు కబురు చెప్పే వాచీయే ఎక్కువ ప్రమాదం.

కొండెక్కిస్తే తెలుస్తుంది

ఏసీ గదిలో కూర్చుని చేసిన పరీక్ష, మెత్తటి సోఫా మీద కూర్చుని ఎద్దుల బండిని పరీక్షించినట్టే. వాచీని చేతికి కట్టి బయటికి వెళ్లాలి. గుర్రంకొండలో అంతకన్నా మంచి పరీక్ష హాలు ఇంకేం కావాలి? కొండ కింద రంగిణీ మహల్ దగ్గర మొదలుపెట్టి కోట వైపు ఎక్కితే చాలు, లోపాలన్నీ వరసగా బయటపడతాయి.

ఎండ ముఖంమీద పడగానే నల్ల తెరమీద బూడిదరంగు అక్షరాలు మాయం. చెమట పట్టిన వేలితో నొక్కితే తెర ఒప్పుకోదు, ఒక్కోసారి నొక్కకుండానే ఒప్పేసుకుంటుంది. నడుస్తూ చిన్న మీటను నొక్కబోతే వేలు పక్క మీట మీద పడుతుంది. నాడి కొలిచే యాప్ అయితే మరీనూ. వాచీ వెనక పచ్చటి వెలుగు చర్మం మీద పడుతుంది. రక్తం ఆ వెలుగును పీల్చుకునే తీరునుబట్టి గుండె లయను లెక్కకడుతుంది. పట్టీ వదులైనా, చెయ్యి బాగా ఊగినా లెక్క తప్పుతుంది. అందుకే వాచీ చూపించే అంకె ఓ సూచన మాత్రమే. డాక్టరు చెప్పిన మందును వాచీని చూసి మార్చుకోకూడదు.

ఇక బ్యాటరీ. పొద్దున నూరు శాతంతో బయల్దేరిన వాచీ రాత్రి దాకా నిలవాలి. నిమిషానికోసారి లేచి చూసుకునే యాప్ మధ్యాహ్నానికే దాన్ని పడుకోబెడుతుంది.

పన్నెండు మంది, పద్నాలుగు రోజులు

ఇంట్లో వాడుకోవడానికైతే ఇంతటితో సరి. అందరికీ ఇవ్వాలంటే గూగుల్ ప్లే స్టోర్‌లో పెట్టాలి. ఒకేసారి 25 డాలర్లు కట్టి ఖాతా తెరవాలి. 2023 నవంబరు 13 తర్వాత వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లకు ఓ నిబంధన ఉంది. కనీసం 12 మంది వరసగా 14 రోజులు పరీక్షకు ఒప్పుకుని ఉండాలి. మొదట్లో 20 మంది కావాలన్నారు, తర్వాత తగ్గించారు.

ఆ పన్నెండు మందీ కాలేజీ స్నేహితులే అయితే లాభం లేదు. వాళ్లకు యాప్ ఎలా నడవాలో ముందే తెలుసు. నడవాల్సిన దారిలోనే నడుస్తారు. అమ్మమ్మకివ్వాలి, మండీలో లెక్కలు రాసే బాబాయికివ్వాలి, బస్సు నడిపే మామకివ్వాలి. పక్కన కూర్చుని ‘అది కాదు, ఇది నొక్కు’ అనకుండా నోరు కట్టేసుకుని చూడాలి. వాళ్లెక్కడ తడబడతారో, అక్కడ తప్పు వాళ్లది కాదు... యాప్‌ది. ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారన్నది గుట్టుగా ఉండాల్సిన సంగతి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో మన దేశంలో చట్టమూ వచ్చింది. కాబట్టి అవసరమైనంతే అడగాలి, అడిగింది భద్రంగా దాచాలి.

ఇంతా చేస్తే ఆ యాప్ చేసే పనేంటి? పొద్దున ఏడింటికి చేతిమీద ఓ చిన్న తట్టు. మట్టిచేతిని పంచెకు తుడుచుకుని ‘అయింది’ అని ఓ నొక్కు. కూతురి ఫోనులో ఓ పచ్చ గుర్తు. అంతే!

ఆ అమ్మాయి ఇప్పుడూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. పచ్చ గుర్తు ఉన్నా చేస్తుంది. ‘మాత్ర వేసుకున్నావా నాయనా?’ అని కాదు, ‘ఈ రోజు మండీలో టమాటా ధర ఎట్లుంది?’ అని.