సత్యం లెక్కలు - సర్కారు విచారణ

కంపెనీలలోని మోసములను పట్టుటకు చట్టమునందు ఆయుధములకు కొఱత లేదు. అవి సకాలమున వాటాదారుని చేతికి అందకుండుటయే కొఱత. ఇందుకు హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్సు ఉదంతమును మించిన నిదర్శనము వెదుకనక్కఱలేదు.

2009 జనవరి 7వ తేదీన ఆ సంస్థాధ్యక్షులు బైర్రాజు రామలింగరాజుగారు డైరెక్టర్లకొక లేఖ వ్రాసిరి. పుస్తకములందు నగదు, బ్యాంకు నిలువలు 5,361 కోట్ల రూపాయలుగా చూపబడియుండగా, అందు 5,040 కోట్లు లేనేలేవనియు, ఈ కల్పన పెక్కేండ్లనుండి పెరుగుచు వచ్చినదనియు తామే యొప్పుకొనిరి. నాటి సాయంకాలమునకు వాటావెలలో నాలుగింట మూడుపాళ్లకు పైగా హరించిపోయెను. ఒకప్పటి గ్రామకరణము చిట్టాకును అడంగలుకును పొంతన కుదరనిదే జమాబందీకి పోవ సాహసించెడివాడు కాడు. బ్యాంకులనుండి నిజము రాబట్టవలసిన ఆడిటర్లు మాత్రము ఏండ్లతరబడి ఆ పద్దులకు సమ్మతి తెలుపుచునే వచ్చిరి!

పిమ్మట కేంద్రప్రభుత్వమువారు చూపిన చుఱుకుదనమును మెచ్చుకొనవలసినదే. జనవరి 9న కంపెనీ లా బోర్డు ఉత్తరువుతో పాత డైరెక్టర్ల అధికారమును నిలిపి, 11వ తేదీన కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్ గారలను నియమించిరి. 1956 నాటి చట్టముక్రింద సీరియస్ ఫ్రాడ్ ఇన్వెస్టిగేషన్ ఆఫీసును విచారణకు పంపిరి. ఆ కార్యాలయము మూడు నెలలలో, ఏప్రిలునందు, నివేదిక నందించెను. సంస్థ కూలక టెక్ మహీంద్రావారి చేతికి వచ్చెను. ఉద్యోగుల కొలువులు చాలవఱకు నిలిచెను. శిక్ష మాటకు వచ్చునప్పటికి ఆ వేగము లేదు. ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా నిర్ణయించుట 2015 ఏప్రిల్ 9న. మఱుసటి నెలలోనే పై న్యాయస్థానము అప్పీలుపై శిక్షను నిలిపి వారిని జామీనుపై విడిచెను.

అయినను, ఈ విచారణ యంతయు ఒప్పుదలలేఖ వచ్చిన పిమ్మటిది. ఆ లేఖకు ముందు కదలిక తెచ్చినవారు పెట్టుబడిదారులు. 2008 డిసెంబరు 16న మేటాస్ సంస్థలను కొనుటకు సత్యం డైరెక్టర్లు తీర్మానింపగా, వారు లేచి ఎదిరించుటచే కొన్ని గంటలలోనే ఆ తీర్మానము వీగిపోయెను. సర్కారువారి కన్ను అంతవఱకు తెఱువలేదు.

2013 చట్టము ఆ కార్యాలయమునకు శాసనప్రతిపత్తి నిచ్చినది. 447వ సెక్షనున మోసమునకు పదేండ్లవఱకు ఖైదు, మోసపు మొత్తమునకు మూడింతలవఱకు జుల్మానా ఏర్పడినవి. విచారణ కోరు హక్కునకు ముందు 200 మంది వాటాదారులు కావలసియుండగా ఇప్పుడు నూర్గురు, లేదా పదవపాలు ఓటుబలము గలవారు చాలుదురు. ఇది మేలే. కాని ట్రిబ్యునలు మెట్టెక్కువాడు విచారణకు తగిన హేతువున్నదని సాక్ష్యముతో చూపవలెను. సాక్ష్యము డైరెక్టర్ల బీరువాలో నుండును. బీరువా తెఱిపించుటకే గదా ఇతడు వచ్చినది! పైగా ఖర్చులకు హామీగా 25,000 రూపాయలవఱకు కట్టుమని ప్రభుత్వమువారు అడుగవచ్చును.

మఱియొక చిక్కు కలదు. సాధారణ ఇన్స్పెక్టరు నివేదిక ప్రతిని 223వ సెక్షను క్రింద వాటాదారు ప్రభుత్వమునకు అర్జీ యిచ్చి పొందవచ్చును. సీరియస్ ఫ్రాడ్ ఆఫీసు నివేదికకు మాత్రము ఆ సెక్షను వర్తింపదు. అది కావలసినవాడు న్యాయస్థానమును అర్థింపవలెను. మోసము చిన్నదైన నివేదిక సులభముగా దొరకును, పెద్దదైనచో కోర్టు దారి పట్టవలెను. దర్యాప్తు నడచుచుండగా కొంత గోప్యత తప్పదని మేమును అంగీకరింతుము. అభియోగపత్రము దాఖలైన పిమ్మటనైనను వాటాదారులకు నివేదిక ప్రతులు నేరుగా దొరకునట్లును, నూర్గురు సంతకము చేసిన అర్జీపై బ్యాంకు నిలువలనైనను రిజిస్ట్రారు వెంటనే సరిచూచునట్లును పార్లమెంటు ఈ చట్టమును సవరింపవలసియున్నది.