కోళ్లు చెట్టెక్కితే

పగలంతా వీధుల వెంట తిరిగిన కోడి సాయంకాలం కాగానే తనంత తానే గూటికి చేరుతుందని మనవాళ్ల నమ్మకం. చాలావరకు అది నిజమే. మిగిలిన ఆ కాస్త అబద్ధంలోనే వుంది చిక్కంతా.

ఆర్మూరులో ఈ చిక్కు పసుపు రోజుల్లో బయటపడుతుంది. సంక్రాంతి అవుతూనే ఇక్కడ పసుపు తవ్వకాలు జోరందుకుంటాయి. తవ్వడం, వుడకబెట్టడం, కల్లంలో ఆరబోయడం, కొమ్ములు ఏరడం - వేసవి దాకా ఆడవాళ్లకు తీరిక వుండదు. పొద్దున పోయిన మనిషి దీపాలు పెట్టే వేళకు గాని ఇల్లు చేరదు. ఆమె వచ్చి గూటి తలుపు తీసేదాకా కోళ్లు కనిపెట్టుకుని వుంటాయా? పెరటి వేపచెట్టు మీదో, పక్కింటి రేకుల మీదో సర్దుకుని కూర్చుంటాయి.

"కూర్చుంటే కూర్చోనీండి, పక్షులే కదా!" అని పట్నవాసపు పాఠకులు అనవచ్చు. మా వీధి వెనక అంతా నల్లరాళ్ల గుట్ట. పిల్లికి రాత్రే పగలు. దాన్ని తప్పించుకుని తెల్లవారుజామున కిందికి దిగిన కోడికి ముంగిస యెదురవుతుంది. వీధికుక్కల సంగతి చెప్పనక్కరలేదు. మా పక్కింటి ముసలమ్మకు నిరుడు వారం తిరక్కుండా రెండు పెట్టలు పోయాయి. ఒకటి పొదుగుడు మీదికి వచ్చిన పెట్ట.

ఆమెకు ఆ నష్టం చిన్నది కాదు. పసుపు డబ్బు యెంత వచ్చినా కొడుకు చేతిలో పడి అప్పులకు పోతుంది. కోళ్ల డబ్బు ఒక్కటే ఆమెది. అందులోంచే మనవరాలి పుస్తకాలు, తన మందుబిళ్లలు. పైగా ఇది అంకాపూర్ పక్క వూరు. అంకాపూర్ నాటుకోడి కూర కోసం యెక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వస్తారు గనక మా ప్రాంతంలో నాటుకోడికి గిరాకీ యెప్పుడూ వుంటుంది. ఆ వచ్చేవాళ్లకు విస్తట్లో ముక్క కనిపిస్తుంది గాని, దాన్ని ఆరేడు నెలలపాటు ప్రతి మునిమాపూ గూట్లో వేసిన చెయ్యి కనిపించదు.

కోడి చెట్టెక్కడం కొంటెతనం కాదు, పుట్టుక బుద్ధి. మన పెరటికోడికి మూలపురుషుడు అడవికోడి. అది ఇప్పటికీ రాత్రిళ్లు కొమ్మ మీదనే గడుపుతుంది. థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనేచోట తవ్వకాల్లో దొరికిన కోళ్ల యెముకలు క్రీ.పూ. 1650 - 1250 నాటివనీ, పెంపుడుకోళ్ల యెముకల్లో అంతకంటె పాతవి కనబడలేదనీ 2022లో పరిశోధకులు ప్రకటించారు. మూడువేల యేళ్లకు పైబడి మన గింజలు తిన్నా చెట్టు మాత్రం మరవలేదన్నమాట!

ఇక దాని కన్ను. పగటి వెలుతురులో రంగులు చూడటంలో కోడి మనల్ని మించిపోయింది. మనకు కనిపించని అతినీలకాంతి కూడా దానికి కనిపిస్తుంది. ఆ వైభవమంతా పగటికే. మసక పడ్డదంటే అది గుడ్డిదానితో సమానం. మనం రేచీకటి అనే జబ్బును జపానువారు 'పక్షికన్ను' అంటారట. మాటలు పుట్టించినవాడు ఏ దేశంలో అయినా పెరట్లో కూర్చుని చూసినవాడే కాబోలు!

అందుకే కోడికి మునిమాపు గడియ చాలా విలువైనది. చూపు ఆనినంతసేపట్లో చోటు చూసుకోవాలి. మా వైపు పొద్దు కార్తీకంలో అయిదూ నలభైకే గుంకుతుంది; ఆషాఢంలో దాదాపు యేడవుతుంది. కోడి నడిచేది వెలుగును బట్టి; మనం గూడు తెరిచేది గడియారాన్ని బట్టి. ఆ తేడాలోనే కోడి చెట్టెక్కుతుంది.

నాటుపిల్లలకు గూడు చూపించేది తల్లి. తల్లి వెనకే వెళ్లి రెక్కల కింద దూరిన పిల్ల ఆ చోటు మరవదు. రాజేంద్రనగరంలోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లలకు ఆ భాగ్యం లేదు. వాటిని పొదిగేది యంత్రం. ఆరు వారాలు దీపం వేడిన పెరిగి వచ్చిన పిల్లకు తల్లి యెవరు, గూడేమిటి? సందెపడగానే యేదో మూలకు చేరి ఒకదాని మీద ఒకటి పడి కుప్పగా వుంటాయి. కొత్తగా తెచ్చిన కోళ్లను మూడు రోజులు మూసి వుంచితే చాలునని కొందరంటారు. నా మట్టుకు వారం తక్కువ చేయను. అక్కడే మేత, అక్కడే నీళ్లు, అక్కడే నిద్ర. తరువాత వదిలేటప్పుడు కూడా మొదట సాయంకాలం ఒక గంటసేపు వదిలితే చాలు. దూరం పోయే వ్యవధి వుండదు.

అలవాటైన కోళ్లకు గింజల డబ్బా చాలు. ఎర్రజొన్నలో మక్కలో గుప్పెడు డబ్బాలో వేసి రోజూ ఒకేలాగ గలగలలాడించి, గూటి లోపలే చల్లాలి. మధ్యాహ్నం కడుపునిండా పెట్టి సాయంత్రం పిలిస్తే యే కోడీ రాదు. గూట్లో చిన్న దీపం పెట్టి వాకిలి చీకటిగా వుంచినా వెలుగును చూసి లోపలికి నడుస్తాయి.

బాగా అలవాటైన కోడి హఠాత్తుగా గూడంటే మొరాయిస్తే దాన్ని తిట్టకండి, గూటిని చూడండి. పగలు చెక్కల సందుల్లో దాక్కుని రాత్రి నెత్తురు పీల్చే యెర్రపురుగులు చేరి వుండవచ్చు. అవి వున్న గూట్లో పడుకోవడం కంటె పిల్లినోట పడటం మేలనుకుంటుందేమో పాపం! అంతా బయటికి తీసి, కడిగి, యెండబెట్టి, సందుసందుకూ చిక్కటి సున్నం కొట్టాలి.

రోజూ ఒకే పెట్ట బయట మిగిలిపోతే అది కులాసా కోసం కాదు, భయం వల్ల. కోళ్లలో పెద్ద చిన్న తారతమ్యాలు వున్నాయని నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డెరుప్ ఎబ్బె నూరేళ్ల కిందటే వివరించాడు. పైదండెం పెద్దమ్మది, వాకిట్లో అడ్డం వచ్చిన చిన్నదానికి ముక్కుపోట్లు. ఇంకొక దండెం కట్టి, బెదిరిన పెట్టను చీకటి పడ్డాక చేత్తో లోపల పెడితే గొడవ వుండదు. చెట్టెక్కిన కోడి సంగతీ ఇంతే. వెలుతురుండగా తరిమితే పైకొమ్మకు పోతుంది. పూర్తిగా చీకటి పడనిచ్చి, రెండు రెక్కలూ కలిపి పట్టుకుంటే కిక్కురుమనదు.

"సారూ, చీకటైనంక చెట్టెక్కి కోడిని పట్టే వయసా నాది?" అన్నది ముసలమ్మ. అదీ నిజమే. వెలుతురును బట్టి తనంత తానే మూసుకునే గూటి తలుపులు విదేశాల్లో అమ్ముతారని చెప్పాను. వెల యెంతని అడిగి, విని, నవ్వి వూరుకుంది.

ఈ యేడు మా వీధివాళ్లు వాళ్లలో వాళ్లే ఒక యేర్పాటు చేసుకున్నారు. పనికి పోలేక అరుగు మీద కూర్చునే తాత ఒకాయన వున్నాడు. పొద్దు వాలగానే కర్ర పట్టుకుని లేచి, నాలుగిళ్ల గూళ్లు తెరిచి, డబ్బా మోగించి, కోళ్లు లోపలికి పోయాక తలుపులు బిగిస్తాడు. జీతం వారానికి ఇంటికొక గుడ్డు. ముసలమ్మ మాత్రం రెండు ఇస్తున్నది.