కదిలే వ్యాగన్ నంబరును రీడర్ ఎలా చదువుతుంది?

తెలుగు కుటుంబాలు తరతరాలుగా రైల్వే కొలువుల్లో ఉన్న పట్టణం ఖరగ్‌పూర్. అక్కడి పూరీ గేట్ మీదుగా ఒడిశా వైపు సాగే గూడ్స్ బండ్లలో ప్రతి వ్యాగన్‌కూ 11 అంకెల నంబరు ఉంటుంది. ఒకప్పుడు సిబ్బంది బండి పక్కన నడుస్తూ ఆ నంబర్లను రాసుకునేవారు. ఒక్క అంకె తప్పినా సరుకు ఒకచోట, లెక్క మరోచోట. ఆ లోపాన్ని తొలగించేందుకే భారతీయ రైల్వే వ్యాగన్లకు ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులను అమరుస్తోంది.

పనితీరు

ట్యాగులో బ్యాటరీ ఉండదు. పట్టాల పక్కనున్న రీడర్ యాంటెన్నా నుంచి వచ్చే రేడియో తరంగాల శక్తితోనే అది మేల్కొని, తన సంఖ్యను తిరిగి పంపుతుంది. టోల్‌గేట్ల వద్ద ఫాస్టాగ్ పనిచేసేదీ ఇదే సూత్రంపై. ఇటువంటి పరికరాలకు మన దేశంలో 865-868 మెగాహెర్ట్జ్ శ్రేణిలో, నిర్దేశిత శక్తి పరిమితికి లోబడి, లైసెన్స్ అవసరం లేదు.

అమరికలో జాగ్రత్తలు

లోహం తరంగాలను పరావర్తనం చేస్తుంది. కనుక వ్యాగన్లకు లోహంపై పనిచేసే ప్రత్యేక ట్యాగులే వాడాలి. బండి ఎటు తిరిగినా చదవగలిగేలా రెండు పక్కలా ఒక్కొక్కటి బిగిస్తారు. యాంటెన్నాను ట్యాగు ఎత్తుకు సరిచూసి నిలపాలి. శక్తి తగ్గితే ట్యాగు అందదు. మితిమీరితే పక్క లైనులోని వ్యాగన్ కూడా నమోదవుతుంది.

చక్రాలను లెక్కించే సెన్సర్ తోడుంటే, దాటిన వ్యాగన్ల సంఖ్యను చదివిన ట్యాగులతో పోల్చవచ్చు. తేడా వస్తే ట్యాగును పరిశీలించాలి. రెండు రీడర్ల నడుమ వ్యాగన్ ఎక్కడుందో మాత్రం ఈ వ్యవస్థ చెప్పలేదు.